పెన్సిల్‌తోనే రాయాలి

పెన్సిల్‌తోనే రాయాలంది టెగ్వెన్, మొదటిరోజే.
సిరా ఆల్కహాల్‌లో కరిగిపోతుంది.
సీసాలో పురుగు మిగులుతుంది గాని
ఎక్కడిదో, ఎప్పటిదో చెప్పే దిక్కుండదు.
ఊరూ పేరూ లేని పురుగు దేనికీ సాక్ష్యం కాదు.

ఆమెకి ఇరవయ్యారు. నాకు నలభై ఏడు.
పంతొమ్మిదేళ్లు ఈ లోయలో పైకీ కిందకీ బస్సు నడిపాను.
రూటు ఎత్తేశాక,
చేతిలో స్టీరింగ్ లేని చలికాలం ఒకటి గడిచాక,
శిక్షణ ఫారంలో 'పూర్వానుభవం' అన్నచోట
'వాగు పక్కనే తిరిగాను' అని రాశాను.
వాళ్లు నవ్వలేదు. అదే భయపెట్టింది నన్ను.

నాంత్ దీ అంటే మా వెల్ష్‌లో నల్లవాగు.
బొగ్గు కడిగిన నీళ్లతో
తాత కాలంలో పేరుకి తగ్గట్టే పారిందట.
ఇప్పుడు తేటగా ఉంది, బాగుపడినట్టేగా అన్నాను.
"ఖాళీ గ్లాసు కూడా తేటగానే ఉంటుంది" అంది.

వల ప్రవాహానికి ఎదురుగా, కాళ్లు వలకి ఎగువన.
మూడు నిమిషాలు అడుగురాళ్లని తన్నాలి.
మూడు నిమిషాలంటే నాకు తెలుసు:
చర్చి స్టాపులో ముసలావిడ
పర్సు అడుగున చిల్లర ఏరుకునేంత సేపు.
వాచీ చూడకుండా ఆపాను.
"నాలుగు సెకన్లు ఎక్కువ" అంది టెగ్వెన్, కనుబొమ్మ ఎత్తి.

తెల్ల ట్రేలో బురద తేరాక చూస్తే అంతా కాళ్లే.
మూడు తోకలుంటే మేఫ్లై, రెండుంటే స్టోన్‌ఫ్లై.
"మొప్పలూ చూడు. తోక విరిగిందనుకో, మోసపోతావు."
కాడిస్ పురుగు ఇసుక అతికించి ఇల్లు కట్టుకుంటుంది.
ఒకదాని గోడలో బొగ్గు నలుసు!
తాత కడిగినదే అయ్యుంటుందని రాయబోతే
"అది రికార్డులో కాదు, ఇంటికెళ్లి చెప్పుకో" అంది.

నవంబరులో ఒకరోజు కుండపోత.
డెయిరీ పైపు కింద, మూడో చోట, నేను దిగలేదు.
అయిదు వారాలుగా అక్కడ మేఫ్లై లేదు,
ఇవాళ మాత్రం ఎక్కడినుంచి వస్తుంది?
వ్యాన్‌లో కూర్చుని, హీటరు వేసుకుని, సున్న చుట్టాను.

శుక్రవారం ఆ కాగితం నా ముందు పెట్టింది.
గొంతు పెంచలేదు.
"మూడో సీసా పొడిగా ఉంది, గెథిన్."
కాసేపాగి:
"సున్న వేరు, ఖాళీ వేరు.
సున్నంటే వెళ్లి, వెతికి, లేవని చూసొచ్చినవాడి మాట.
వెళ్లకపోతే గడి వదిలెయ్. ఖాళీ గడికి సిగ్గేం లేదు."

స్టాపులో ఎవరూ లేరనుకుని
ఆపకుండా పోయిన రాత్రులు గుర్తొచ్చాయి.
షెల్టరు వెనక గాలికి ఒదిగి ఉన్నారేమో ఎవరైనా,
చెయ్యెత్తేలోపే నా వెనక దీపాలు చూశారేమో.
ఆ లెక్క ఇప్పుడెవరూ తీయలేరు.

శనివారం ఎవరూ పిలవలేదు. వెళ్లి దిగాను మూడో చోట.
బూట్లలోకి నీళ్లు. వేళ్లు నావి కావు.
మూడు నిమిషాలు. ట్రే. బురద తేరేదాకా చూపు.
ఎర్రపురుగులు పన్నెండు, అవి ఎక్కడైనా బతుకుతాయి.
ఇంకా చూశాను. ట్రే తిప్పి చూశాను.
ఆకు మడతలో, ఆ ఆకు అడుగున చూశాను.

మార్చిలో ఇంటర్వ్యూ ఉంది.
ఉద్యోగం వస్తుందో రాదో, ఆ గడి ప్రస్తుతానికి ఖాళీ.

వ్యాన్ బానెట్ మీద చీటీ పెట్టుకుని
వణికే చేత్తో రాశాను:
నాంత్ దీ, పైపు దిగువ.
మేఫ్లై: సున్న.
సేకరించినది: గెథిన్ ప్రోబర్ట్.
మొన మొద్దుబారింది. చెక్కుకుని
తేదీ వేశాను.