ఎర్ర రంగు డబ్బా

ఒంగోలు నుంచి వచ్చిన స్కాలర్‌షిప్ ఫారంలో
మూడు గళ్ళున్నాయి:
అభిరుచులు, సమాజ సేవ, జీవిత లక్ష్యం.
ఒక్కో గడికి ఒకటిన్నర గీత.
పైన మూల ఫోటో అతికించే చోటు.

ఫోటో దగ్గరే చిక్కు.
కనిగిరి స్టూడియోలో బాబ్జాన్ భాయ్ అంటాడు
"కాస్త నవ్వమ్మాయ్, మాలకొండమ్మా."
పెదాలు మూసి నవ్వుతాను.
మా ఊళ్ళో అందరం అట్టాగే నవ్వుతాం,
పళ్ళ మీది తుప్పు గీతలు కనపడకుండా
కొంగుతోనో, చున్నీతోనో, నోటుబుక్కుతోనో.
మా అన్న అందుకే మీసం పెంచాడు.

అభిరుచులు.
కథల పుస్తకాలని రాయమంది షరీఫా.
నిజానికి నాకు రంగులిష్టం,
పరీక్షనాళికలో మారే రంగులు.
సీసాలో నీళ్ళకు గులాబీ ద్రావకం కలిపి
ఊపి, ఎత్తి, కిటికీ వెలుగుకు పట్టినప్పుడు
గులాబీ గులాబీగానే నిలిస్తే
ఆ ఊరి పిల్లల ముందుపళ్ళు
తెల్లగా కనిపిస్తాయి నాకు.
పసుపుకు దిగిందా,
ఎవరివో మోకాళ్ళు కటకటమంటాయి.
దీన్ని అభిరుచి అంటారో లేదో.

సమాజ సేవ.
ఆదివారం ఆరుంబావు పామూరు బస్సు.
నేను, షరీఫా, ఎక్కగానే నిద్రపోయే తిరుపతిస్వామి,
గోనెసంచిలో నలభై సీసాలు.
"ఏం సరుకు?" అంటాడు కండక్టరు.
"నీళ్ళు."
"ఖాళీ గదమ్మా!"
"వచ్చేటప్పుడు నిండుతాయిలే అన్నా."
లగేజీ టికెట్టు కొట్టడు.
బోరింగు పక్కన రెండు డబ్బాలు దించుతాం.
నీళ్ళు మంచివైతే నీలం, కాకుంటే ఎరుపు.
నీలం డబ్బా కొని రెండేళ్ళయింది,
మూత దగ్గర గడ్డ కట్టింది.
ఎరుపు ఇది మూడోది.

పోయిన మాఘంలో చిలకలగుంటలో
బోరింగు మెడకు ఎరుపు పూస్తుంటే
ముసలాయన ఒకాయన వచ్చాడు, నడుం వంగి,
నేలకేదో గుట్టు చెబుతున్నట్టు.
తిడతాడనుకున్నా.
కిందటూళ్ళో తిట్టారు, ఊరి పరువు తీశామని
కిరసనాయిలుతో రంగు కడిగేశారు.
ఈయన తిట్టలేదు.
బ్రష్షు ఆడినంతసేపూ చూశాడు.
తర్వాత బిందె పెట్టి
నన్నే కొట్టమన్నాడు, తన భుజం లేవదట.
కొట్టాను.
తడి ఆరని ఎరుపు పక్కనే, నా చేత్తోనే,
బిందె నిండా.
పోతా పోతా అన్నాడు:
"ఎర్ర రంగేశావు, బాగుండాది బిడ్డా.
మరి నీళ్ళేయి?"

బస్సులో ఎవరం మాట్లాడలేదు.
తిరుపతిస్వామి కూడా నిద్రపోలేదు.
గోళ్ళ సందుల్లో ఎరుపు వారం దాకా వదల్లేదు.
గోరింటాకు ఎప్పుడు పెట్టుకున్నావే
అని అడిగింది అమ్మ, అన్నం కలుపుతుంటే.

మా ఇంటి బోరు సంగతి
అమ్మకింకా చెప్పలేదు.
సీసా మీద పేరు రాయకుండా
ముప్పైతొమ్మిదో నంబరు వేసి పరీక్షించాను.
ఒకటిన్నర దాటకూడదు.
నాలుగుంది.

లక్ష్యం.
"గ్రూప్స్ అని రాయి, బరువుగా ఉంటుంది"
అన్నారు కెమిస్ట్రీ మేడం.
పోయినేడు "ప్రభుత్వోద్యోగం" అని రాసినదాన్నే.
ఈసారి రాసి కొట్టేసి, రాసి కొట్టేసి,
గీత దాటి, అంచు దాటి,
కాగితం వెనక్కి తిప్పి రాస్తున్నాను:
అయ్యా, నీళ్ళను పరీక్షించడం నాకొచ్చు.
తేవడం రాదు.
పైపుల కొలతలు, గట్ల ఎత్తుపల్లాలు,
ఏ ఫైలు ఏ బల్ల మీద ఎన్నాళ్ళు పడుకుంటుందో
ఆ లెక్కా నేర్చుకోవాలి.
ఆ ఉద్యోగం పేరేమిటో తెలియదు.
చిలకలగుంటకు మళ్ళీ పోవాలి నేను,
గడ్డకట్టిన ఆ మూతను స్క్రూడ్రైవరుతో లేపి
లోపల కాస్త టర్పెంటైన్ పోసి.

ఫోటో నిన్న మళ్ళీ తీయించాను.
ఎవరూ అడగకుండానే నవ్వాను.
బాబ్జాన్ భాయ్ తెర మీద చూసి, మెల్లగా,
"పళ్ళు కంప్యూటర్లో తెల్లగా చేసేదా?" అన్నాడు.
వద్దు భాయ్,
శాంపిల్ మార్చకూడదు.