తోక మనిషి

పెన్నోబులేసు ముందర, క్యాబిన్లో.
నేను వెనక, నేల మీద.
మా ఇద్దరి నడుమ
డెబ్భై అంగల తెల్లటి గాలిమర రెక్క.
మోసేది కష్టం కాదు దీన్ని,
తిప్పేదే కష్టం.

బెళుగుప్ప దాటినంక తారు అయిపోయింది.
సెనక్కాయ చేన్ల నడుమ ఎడ్లబండి దావ,
దాన్నే పొక్లెయినుతో గీకి, గరుసు పోసి,
కంపెనీవాళ్లు రోడ్డని పేరు పెట్టినారు.
పేరు పెడితే వెడల్పవుతుందా?

నా మెడలో రిమోటు.
వెనక చక్రాలు నా బొటనవేళ్ల మాట వింటాయి,
ముందరివి అతని మాట.
నడుమ ఉండేది ఎవరి మాటా వినదు.
గాలి ఏ పక్క పిలిస్తే ఆ పక్కకి ఊగుతుంది.
దాని తప్పేముంది,
అందుకోసమే కదా దాన్ని చేసింది.

మా ఇద్దరికీ మాటల్లేక నాలుగు నెలలు.
కారణం ఒక స్టెప్నీ టైరు.
గుత్తి కాడ అమ్ముకున్నది నేనని అతను,
అతనని నేను.
అమ్మినోడు మూడోవాడని
ఇప్పుడు ఇద్దరికీ తెలుసు.
అయినా నోరు ముందు ఎవరు తెరవాల?

టీ అంగట్లో అతనిదొక బెంచీ, నాదొక బెంచీ.
బండి కదిలితే మాత్రం వాకీటాకీలో
"ఎడమ."
"ఎడమే."
"రోంత."
"రోంతే."
"నిలుపు."
"నిలిపినా."
నా పెండ్లాంతో కూడా
ఒక దినంలో ఇన్ని మాటలు ఆడను.

ఎర్రగుంతల దొడ్డిలో
పిల్లోళ్లు వెదురుగడలతో కరెంటు తీగలు పైకెత్తినారు.
రెక్క ఉలిగమ్మ మిద్దె మీదుగా పోవాల.
ఎండబోసిన మిరపకాయలు ఒక పక్కకి తోసి
ఆమె మిద్దె మీదే నిలబడింది, దిగమంటే దిగలేదు.
రెక్క దగ్గరికొచ్చినాక అరచెయ్యి ఆనించింది,
ఈనబోయే బర్రెను నిమిరినట్ల.
తోక దాటిందాకా తియ్యలేదు.

"ఇవి తిరిగితే మోడాలు తోలేస్తాయంట కదనా, ఖాసీమన్నా?"
నా పేరు ఆమెకు ఎవరు చెప్పినారో.
"నాకేం తెలుసమ్మా, తెచ్చేటోన్ని" అన్నాను.
"తెచ్చేటోనికి తెలీదు, తిప్పేటోడు రాడు" అని
మళ్లీ మిరపకాయలు పరుచుకుంది.

నల్లబండ గుట్టకు ఏడు మలుపులు.
మూడోది అన్నిటికీ అమ్మ.
కుడిపక్క బండ, ఎడమపక్క ఏమీ లేదు.
ఏమీ లేదంటే నిజంగా ఏమీ లేదు.

కొన చక్రం కింద గరుసు జారింది.
ఒక్క రాయి,
కోడిగుడ్డంత.
అది కిందికి పోయిన శబ్దం
ఎంతసేపటికీ రాలేదు.
నాకు ఎడమా కుడీ మర్చిపోయింది.
"ఓబులేసూ!" అని అరిచినాను.
అది మా రూల్సులో లేని మాట.

బండి నిలిచింది.
వాకీటాకీలో గరగర.
తర్వాత అతని గొంతు, మెల్లగా,
"చక్రం యాడుంది?"
"సగం నేల మీద."
"తక్కిన సగం?"

తొంగిచూసినాను.
నా కాళ్లకంటే చాలా కింద
ఒక గద్ద ఎగరతాంది.
పుట్టినకాడి నుంచి దాని పొట్టే చూసినాను,
ఆ పొద్దు వీపు చూసినాను.
గోధుమరంగు, నడుమ రెండు ఈకలు చెదిరి ఉండాయి.

"తక్కిన సగం గద్ద మీద" అన్నాను.

రోంతసేపు ఏమీ లేదు.
ఆపైన డెబ్భై అంగల అవతల నుంచి నవ్వు.
మొదట వాకీటాకీలో వచ్చింది,
తర్వాత గాలిలో వచ్చింది.

ఎనిమిది అడుగులకు మూడు గంటలు పట్టింది.
జాకీలు, మొద్దులు, రాళ్లు,
నా తువ్వాలు కూడా ఒక చక్రం కింద పోయింది.
పైన క్రేనువాళ్లు రెక్కను ఎత్తుకున్నప్పుడు
ట్రైలరు ఒక్కసారి లేచి నిట్టూర్చినట్లయింది.
దాన్ని మడిచేస్తే మామూలు లారీ అంత.
తోక లేని బండికి తోక మనిషి ఎందుకు?
క్యాబిన్ ఎక్కి అతని పక్కన కూర్చున్నాను.
సీటు మీద బీడీకట్ట నా పక్కకి జరిగింది,
ఎవరు జరిపినారో నేను చూడలేదు.

పొద్దు గుంకతాంది.
ఐదో మలుపు కాడ గొంతు సవరించుకుని
"ఆ టైరు సంగతి..." అన్నాడు.

"ఎడమ" అన్నాను నేను.

నిజంగానే అక్కడ
దావ ఎడమకు తిరుగుతాది.