పెట్రోలు కోసమే

గంటస్తంభం వెనక సందులో మా రంగుల కొట్టు.
పదయ్యేసరికి ముగ్గురూ వచ్చి కూర్చుంటారు
టిన్నుల మీద, ఇటుకల మీద,
ఉన్న ఒక్క కుర్చీ మీద.
కుర్చీ పట్నాయక్ గారిది. అడగక్కర్లేదు.

బండి లక్షుమునాయుడిది.
అరవై రెండు మోడల్ ఎమ్‌జీ, రెండే సీట్లు, టాపు లేదు.
నెల్లిమర్ల జూటు మిల్లు దొర వదిలేసి పోతే
పశువుల పాకలో ఇరవై ఏళ్లు ఉలవల బస్తాలు మోసింది.
సీటు కింద కోడి పొదిగిన గుడ్ల పెంకులు
నేనే ఊడ్చాను.

"పసుపు ఎయ్యాల. ఇంజను కదిలితే
పసుపేయిస్తానని పైడితల్లమ్మకి మొక్కీసినాను."
"పసుపేటి నాయుడూ, ఆటో అనుకుని సెయ్యెత్తుతారు"
అంటాడు వలీ భాయి, ఆరిన బీడీ మళ్లీ వెలిగిస్తూ.
"దంతం రంగు ఎయ్యి. ఎండకి సల్లగుంటాది."
పట్నాయక్ గారిది మాత్రం ఒకటే పట్టు.
పుట్టినప్పటి రంగు.
"మిల్లు గేటు దగ్గర, ఎనిమిదేళ్లవాణ్ణి, నా కళ్లతో చూశాను.
ఎరుపు. ఇంకోటి వేస్తే మీ గుమ్మం తొక్కను."
తొక్కుతారు. టీ ఇక్కడే కదా.

తలుపు కీలు దగ్గర, రబ్బరు ఊడదీసి,
అరచేతంత మేర ఎమెరీ కాగితం పెట్టి రుద్దాడు వలీ భాయి.
పైన నలుపు, నాయుడి మేనమామ ఏదో ఎలక్షన్లకి కొట్టించింది.
దాని కింద బూడిద.
ఇంకా కింద
పచ్చ.
వరి మడి పచ్చ కాదు, ముదురు,
గోగు చేను మీద మబ్బు నీడ పడితే ఉండే పచ్చ.

"చూశారా?" అన్నారు పట్నాయక్ గారు, వంగి,
దాని మీద వేలు ఆనించి.
"ఎరుపే. నే చెప్పలేదూ!"

ఎవరం ఏమీ అనలేదు.
మార్చిలో ఆయన లైసెన్సు తిరగరాయలేదు.
డాక్టరు చుక్కల పుస్తకం తెరిచాడట,
చుక్కల్లో అంకె ఉందన్నాడట.
"అంకె లేదు, వాడి బొంద" అని వారం రోజులు తిట్టారు.
కూడలి దీపాల సంగతి ఆయనకి తెలుసు,
పైది వెలిగితే ఆగాలి, కిందది వెలిగితే పోవాలి.
అలాగే డెబ్బై ఏళ్లు వచ్చేశారు.

నాయుడు జేబులోంచి ఆర్టీవో కాగితం తీశాడు, మాట మార్చడానికే.
పాత బండి నంబరు ఇస్తారు. రోజూ తిప్పకూడదు.
ప్రదర్శనకి, ర్యాలీకి, మరమ్మతుకి, పెట్రోలుకి,
అంతే.
"సంతకి?"
"కూడదు."
"మా మేనకోడలి పెళ్లికి?"
"అది ప్రదర్శనే కదేటి."
"పెట్రోలు ఏ బంకులోనో రాసీనాడా?"
కాగితం తిప్పి చూశారు. రాయలేదు.
కోట దగ్గరది, రింగు రోడ్డుది, డెంకాడది, భోగాపురంది,
ఒక్కో బంకుకీ బండి కాస్త దూరం పోతోంది.
"సింతపల్లిలో సముద్రం కాడ బంకుందా?"
"లేదు."
"లేదని ఎల్లి సూసి రావాల మరి."

రంగు నేనే కలిపాను.
నలుపు రెండు చుక్కలు ఎక్కువై మళ్లీ మొదలుపెట్టాను.
మూత మీద పేరేం రాయాలో తోచలేదు,
నాయుడి ఇంటిపేరు రాసి ఊరుకున్నాను.
పసుపు సంగతి వలీ భాయి తేల్చాడు,
స్టీరింగు కింద, ఎవరికీ కనపడని చోట, వేలెడంత బొట్టు.
అమ్మవారికి కనపడదా ఏంటి.

తెల్లవారుజామున ఐదింటికి కొట్టు ముందు ఆపారు.
పట్నాయక్ గారు ఎడమ సీట్లో, చెవులకి మఫ్లరు,
ఒళ్లో ఖాళీ డబ్బా,
పోలీసోడు అడిగితే చూపించడానికి.
"నే చెప్పిన ఎరుపేనా అమ్మడూ?"
"అసలు రంగే సార్. ఇంచు కూడా మారలేదు."
టాటా చెప్పబోయాను.
ఎన్నిసార్లు థిన్నరు పెట్టి కడిగినా
గోళ్లలో పచ్చ పోలేదు.
అదే చూశారాయన, దీపం వెలుగులో.

"గోరింటాకు బాగా పండిందే" అన్నారు.

అవునండీ అన్నాను.
నాయుడు తాళం తిప్పాడు. కదల్లేదు.
వలీ భాయి దిగి వెనక నుంచి తోశాడు.
ట్యాంకు నిండా ఉందట.