నొప్పికి అంకె

సున్నా నుంచి పది దాకా గీత గీసిన కాగితం
సైదాబీ ముందు పెట్టాను.
"ఎంతుందో వేలు పెట్టి చూపించమ్మా."
ఆమె గీత వైపు చూడలేదు.
గోళ్ళ సందుల్లో ఎరుపు వదలని వేలితో
నడుం చూపించింది.

ఇరవై రెండేళ్ళు
ఏటుకూరు రోడ్డు కోల్డ్ స్టోరేజీల్లో
తొడిమలు తీసిన చేయి అది.

"పొద్దున సలుపు. లేవబోతే కలుక్కు.
రాత్రయితే మంట, తొడలోంచి పాదం దాకా.
తెల్లారుజామున ఉత్త తీపులు.
దేనికి వెయ్యమంటావు అంకె?"

నేను చదివిన పుస్తకంలో
వీటన్నిటికీ ఒకటే పేరు.
పరీక్షలో నొప్పిని గ్రాఫు కాగితం మీద గీసి పాసయ్యాను.
సలుపుకి వాడేది నరం మంటకి పనిచెయ్యదు;
పారాసిటమాల్ అక్కడ చుట్టపుచూపుగా వచ్చి
మంచినీళ్ళు తాగి పోతుంది.

చివరికి తనే ఒక కొలత తెచ్చింది.
"నిన్న సాయంత్రం మూడొందల ముప్పైనాలుగు.
ఓర్చుకునేదే.
ఇప్పుడు తేజ."

కారానికీ నిప్పుకీ నరం మీద ఒకటే తలుపు.
క్లాసులో నేను చెప్పే మాటే.
తట్టగా తట్టగా తలుపు మొద్దుబారుతుంది,
అందుకే మిరప సారాన్ని లేపనంగానూ పూస్తారు.
ఆమెకీ చెప్పాను.
"చేతులు నేర్చుకున్నాయమ్మా,
నడుమే మొండిది" అంది.

సంగడిగుంట మెడికల్ షాపులో కాగితం పొట్లం,
రెండు తెల్లవి, ఒక పసుపుది,
రోజుకి రెండుసార్లు, ఆరేళ్ళు.
పొట్లం మీద పేరు లేదు.
పేరు ఆమె రక్తపరీక్షలో దొరికింది:
క్రియాటినిన్ మూడు పాయింట్ ఒకటి.

మింగిన మార్ఫిన్
కాలేయం గేటు దగ్గర మూడింట రెండొంతులు సుంకం కట్టి
మిగిలినదానితో లోపలికొస్తుంది.
పనయ్యాక పిప్పిని మూత్రపిండాలు మోసి పారెయ్యాలి.
ఆ హమాలీలే కూలబడ్డారు.
మొయ్యని పిప్పికీ మత్తుంటుంది,
ఊపిరి మీదెక్కి కూర్చుంటుంది.
ఐదు రాయాల్సిన చోట రెండున్నర రాశాను,
నాలుగు గంటలు కొట్టేసి ఎనిమిది.
పక్కనే విరేచనం మందు.
అది మరిస్తే ఎల్లుండి నన్నే తిడుతుంది.

తమ్ముడు జానీబాషా నన్ను వరండాలోకి పిలిచాడు.
"మత్తుమందంట కదా మేడం. అలవాటైపోతే?"
తలుపు సందులోంచి ఆమే అంది:
"అలవాటవ్వాలంటే ఎన్నేళ్ళు పడుద్దో అడగరా.
అన్నేళ్ళు ఇస్తానంటే ఇప్పుడే వేలిముద్ర ఏస్తా."
వాడు నవ్వబోయి
గోడవైపు తిరిగాడు.

పెద్దాసుపత్రి బీరువాకి రెండు తాళాలు.
ఒకటి నా దగ్గర. రెండోది ఎస్తేరు సిస్టర్ కొంగున.
సిస్టర్ కాన్పుల వార్డులో ఎవరికో రక్తం ఎక్కిస్తోంది.
బీరువా ముందు పదకొండు నిమిషాలు నిలబడ్డాను,
అరచేతిలో సగం హక్కుతో.
వార్డు చివర మంచం ఇనుము
ఆగి ఆగి కిర్రుమంటోంది.
మందు లోపలికి వెళ్ళాకే
మా గ్రాఫులో గడియారం మొదలవుతుంది.
ఆ పదకొండు నిమిషాలకి అందులో గడి లేదు.

తర్వాత నలభై నిమిషాలు
ఊపిరి లెక్కపెట్టాను.
పదహారు, పదిహేను, పధ్నాలుగు.
పధ్నాలుగు దగ్గర నిలిచింది.
కిటికీలోంచి ఘాటు గాలికి
నేనే దగ్గాను, ఆమె కాదు.

"పోయిందా?"
"యాడికి పోద్ది? ఆడనే ఉంది."
కాసేపు లోపలికి చూసుకున్నట్టు కళ్ళు మూసుకుంది.
"బ్యాడిగి అయింది.
రంగుంది, కారం లేదు."

గడిలో రెండు అని రాశాను.
అంకె తప్ప ఇంకేదీ పట్టని గడి.
పక్కన ఖాళీలో పెన్సిల్‌తో
బ్యాడిగి అని కూడా.
ఉదయం రౌండ్సులో ఎవరైనా చెరిపేస్తారు.

దుప్పటి కప్పి వెళ్ళబోతుంటే
మగతలోంచే పిలిచింది:
"మళ్ళీ తేజ దిగితే కబురు పెడతా.
ఆ రెండు తాళాలూ
ఒక్కచోట పెట్టించుకోమ్మా."