వరుస

కొత్తవాడల మా గుంటమగ్గం పూడ్చేసిన నాడు
తొక్కుడు చెక్క ఒక్కటి అడిగి తీసుకున్న.
టేకుది. మూరెడున్నర.
అమ్మ మడమ ఆనే జాగల
గంటె గుంతంత అరిగింది.
వెల్‌క్రో అక్కడ అంటుకోదు.

దాని మీద ఇయ్యాల ఆరు డబ్బాలు.
రెండు కొత్తవి, మూడు చేతులు మారినవి,
ఒకటి శౌరయ్య సారు చేసిచ్చింది.
స్టీలు టిఫిను డబ్బాల సర్క్యూటు పెట్టి
మూత మీద గోళ్ళరంగుతోని
'బొంగురు' అని రాసి.
అన్నిటికీ ఒక్కటే తొమ్మిది వోల్టుల అడాప్టరు,
ఒక్క బోరింగు కింద ఆరు బిందెలు.

సారుది కాజీపేట డీజిల్ షెడ్డు.
ఆదివారం ఫాతిమానగర్ చర్చిల గిటారు,
తక్కిన దినాలు ఇంజన్ల కడుపుల చెయ్యి.
వరుస ఆయనే చెప్పిండు:

"ముందు ట్యూనరు, బిడ్డా.
ఇంట్లకు వచ్చేముందు కాళ్ళు కడుక్కున్నట్టు.
దాని తర్వాత వా.
గొంతు చింపేది ఏదున్నా ఆ వెనుక.
డిలే ఆఖరుకు.
మొదలు నువ్వు అరువాలె,
తర్వాతనే గుట్ట పలుకుతది."

డిలేను బొంగురు కన్న ముందు పెడితే?
"వరుస కాదు" అన్నడు,
ఇంటిపేరు అడిగి మా అమ్మమ్మ
సంబంధం వద్దన్నట్టు.

పోయిన ఎండాకాలం ఆయనను బల్లార్షా వేసిన్రు.

రేపు ములుగు రోడ్డు ఫంక్షన్ హాల్ల రిసెప్షన్.
రాత్రి పన్నెండయితున్నది,
ఎక్కడనో జుయ్యిమంటున్నది.
ఒక్కొక్క వైరు పీకి చూస్తున్న.
ఒకటి తీసిన, ఉన్నది. రెండోది తీసిన, ఉన్నది.
మూడోది పట్టుకున్ననో లేదో
కిందింటి ఓదేలన్న ఫ్రిజ్జు ఆగింది,
జుయ్యి ఆగింది.
నాకు తెల్వకుండ అది గూడ
వరుసల నిలబడ్డది ఇన్ని దినాలు.

అప్పుడే సారు ఫోను.
డ్యూటీ దిగిండట, ప్లాట్‌ఫారం మీద ఉన్నడట.
ఆయన మాట ముందు రేకుల కప్పుకు తగిలింది,
ఇనుప స్తంభాలకు తగిలింది,
తన తోక తనే తొక్కుకుంట వచ్చి
ఆ చిన్న మైకుల దూరింది.
అక్కడ నలిగింది, గీరుకున్నది, చినిగింది.

"తిన్నవా?"
న్నవా, న్నవా, వా
అంచుల పొంటి పీచులు లేచి.

గోడ ముందు, చింపుడు తర్వాత.
ఏడాది సంది సారుతోని నా ముచ్చట
ఈ కాని వరుసలనే నడుస్తున్నది.

ఫోను చెవికి భుజానికి నడుమ ఇరికించి
డిలే పీకి బొంగురు ముందుకు తెచ్చిన.
"ఏం చింపుతున్నవు?" అన్నడు, వెల్‌క్రో చప్పుడుకు.
"ఆగున్రి సార్."
ఫోను ఆంపు ముందర పెట్టి
చెక్క మీద కాలు ఆనించిన.
మడమ గుంతల దిగింది, కొంచెం వదులుగ.
అమ్మది పెద్ద పాదం.
మందం తీగ ఒక్కటి మీటిన.

మొదటి మోత మంచిగనే పోయింది.
రెండోది దాని మీద పడ్డది,
మూడోది ఆ రెంటి మీద,
ఇగ బురద.
వానకు వడ్డేపల్లి రోడ్డు మీద
లారీలు పిసికిన బురద.
దాని అడుగున మాత్రం
ఎవరో తిన్నవా అని
విడువకుండ అడుగుతున్నరు.

అవతల శానసేపు ఏం లేదు.
గూడ్సు పోతున్నది, డబ్బా, డబ్బా, డబ్బా.
ఆయన ఏం విన్నడో నాకేం తెలుసు.
నా అర్ర, నా ఫోను, నడుమ ఎన్ని టవర్లో,
ఆ రేకులు, ఆ గూడ్సు,
ముప్పై ఏండ్లు ఇంజన్ల పక్కన నిలబడ్డ చెవులు.
ఈ చెక్క మీద పట్టే డబ్బాలా అవి?

"వరుస కాదు" అన్నడు ఆఖరుకు.
కాదు, దు, దు.
"ఇంకోపారి కొట్టు."

కింద ఫ్రిజ్జు మల్ల మొదలైంది.