తలుపు సందుల కుండ

బర్కాల పావురాల గింజల దుకాణముంటది.
జొన్నలు అక్కడనే దొర్కుతయ్.
ఐదు కిలోలు ఇయ్యమంటె
ఎన్ని పావురాలు నీకు, అన్నడు దుకాణపాయన.
ఆరుగురం, అన్న.

కుండ బహ్లాది. రెండు రియాళ్లు.
ఎరుపు గాదు, ఎండిన మక్కబుట్ట పొట్టు రంగు.
వారం దినాలు నీళ్లు పోసి పారవోసిన.
కొత్తగొచ్చినోనికి పని నేర్పద్దా?

మెట్‌పల్లి బస్టాండు కాడ
పదిరూపాయలకు గిలాస అంబలి అమ్మే మా అక్క పోశవ్వ
వాయిస్ మెసేజిల చెప్పింది:
బరకగ పట్టు, నానవెయ్యి, ఉడ్కవెట్టు, సల్లార్చు.
రాత్రంత ముట్టకు.
తాగినంక అడుగున ఇంత ఉండనియ్యి, అదే రేపటికి తోడు.
కుండను సబ్బు పెట్టి తోమితివా, నాకు ఫోను చెయ్యకు.
ఆమె ఎనుక బస్సు హారను,
ఎవలో ఇంకో ఉల్లిగడ్డ అడుగుతుండు.
అన్నీ నేర్చుకున్నంక గూడ
ఆ మెసేజి మస్తు సార్లు విన్న.

రూముల ఏసీ పద్దెనిమిది.
ఎల్లేశం రజాయి కప్పుకొని పంటడు, బందు చెయ్యనియ్యడు.
మూడు దినాలైన పులుస్తలేదు,
జరమొచ్చిన పోరని లెక్క ఉలుకు లేదు, పలుకు లేదు.
బయట పెట్టిన.
బయట నలభై ఏడు.
పగటీలికే నురుగు కక్కి మురిగింది.
లోపట పూసమాసం, బయట రోహిణి కార్తె,
నడుమ ఒక్క తలుపు.
ఆ తలుపుకు, బయటి జాలితలుపుకు మధ్యల
జానెడు సందున్నది, చెప్పులిడిచే సందు.
చెప్పులు జరిపి కుండను పెట్టిన.
వీపు సలికి, కడుపు ఎండకు.
రెండోనాడు మూత తీస్తె
సన్నగ గుసగుస.
చెవి దగ్గర పెట్టి విన్న.
పదకొండేండ్ల షట్టరింగు పనిల
దేనికీ అట్ల చెవి పెట్టలేదు నేను.

వాసనకు క్యాంపు బాసు వచ్చిండు,
ముక్కు ముందట, మనిషి ఎనుక.
సారాయి కాస్తున్నరా, పోలీసోళ్లకు పట్టిస్త, అన్నడు.
గంగారాం నవ్వాపుకోలేక బాత్రూంలకు ఉరికిండు.
నేను గిలాసల పోసి, ఉప్పేసి, ఉల్లిగడ్డ కొర్కి
ఆయన ముందట్నే తాగిన.
తూలలేదు. ఏడ్వలేదు. పాట పాడలేదు.
కండ్లల్లకు చూసి చూసి
నిద్రొస్తలేదా, అన్నడు.
వస్తది సార్, రోజూ వస్తది.

పక్కరూము వెల్డరు బాబికర్, సూడానాయన,
గిలాస అందుకోని తాగలేదు ముందుగాల.
వాసన చూసి కండ్లు మూసిండు.
ధుర, అన్నడు. మా అమ్మ ధుర.
వాళ్ల ఊర్ల గిదే పిండి పులవెట్టి
పెనం మీద కాగితమంత పల్చగ పోస్తరట.
గాలిలనే చెయ్యి తిప్పి చూపెట్టిండు,
లేని పెనం, లేని పిండి.
అంచు మాడుతదేమోనని నాకే బుగులైంది.
అరబ్బీల నాకు ఇరవై మాటలొస్తయ్, అన్నీ సైటువే:
సిమెంటు, పైపు, జల్ది, రేపు.
ఇరవై ఒకటోది జొన్న.

శ్రావణంల నన్ను దుకుం సైటుకు ఏసిన్రు.
కంపెనీ బస్సుల కుండ ఎక్కనియ్యరు.
నీళ్ల బాటిల్ల సగం తోడు పోసుకొని
సంచిల బట్టల నడుమ దాచిన.
ఆదం దాటినంక ఠప్పుమన్నది.
మూత ఎగిరి డ్రైవరు అద్దానికి తాకింది.
నా అంగీ, పక్కోని కాయితాల కవరు, సీటు, అన్నీ పుల్లగ.
బంగ్లా పిల్లగాడు తిట్టుకుంటనే
వేలు నాకి చూసిండు.
అడుగున రెండు చెంచాలు మిగిలింది.
రెండు చెంచాలైతె శాన.
పోశవ్వకు చెప్తె,
గంత గట్టిగ ఎందుకు బిగించినవ్,
దానికి ఊపిరాడద్దా, అన్నది.

బర్కా కుండ ఇప్పుడు బాబికర్ కాడున్నది,
వాళ్ల తలుపు సందుల.
మొన్న ఆయన కాన్నుంచి వాయిస్ మెసేజి.
మాటల్లేవ్.
తప్పి ఒత్తిండేమో అనుకోని
ఫోను చెవికి అదిమి పెట్టిన.
సన్నగ, బుడగలు పలిగే సప్పుడు.
గోడ అవుతల ఎల్లేశం గురక.