మూడు రాత్రులు, నాలుగు పగళ్ళు

చిట్టీ డబ్బులు చేతికొచ్చిన రోజు
ఫ్రిజ్ కొందామన్నాను.
కంటికి బిగించిన భూతద్దం తీయకుండానే
"ప్రాగ్ పోదాం" అన్నాడు మా ఆయన.
పరిగి అన్నాడేమో అనుకుని
అక్కడ మనకెవరున్నారని అడిగాను.

సుల్తాన్ బజార్ సందులో
ఇద్దరు నిలబడితే మూడోవాడు రోడ్డు మీదుండే కొట్టు.
అద్దం బల్ల కింద పళ్ళరిగిన చక్రాలు,
ముల్లులు లేని ముఖాలు,
వాటి మధ్య ఎప్పుడో పేపర్లోంచి కత్తిరించి
ఆయన దాచుకున్న బొమ్మ.
"ఆరొందల ఏండ్ల సంది నడుస్తున్న గడియారమే ఇది.
గంట గంటకు కిటికీలు తెరుచుకుంటయట,
బొమ్మలు వరుసగ పోతయట,
ఎముకల గూడొకటి తాడు గుంజి గంట కొడతదట.
దాని కడుపుల ఏమున్నదో చూపియ్యరు గాని
చప్పుడన్న ఇనాలె."

మా చెల్లెలి కూతురు ఉజ్వల లాప్‌టాప్ తెచ్చింది.
రంగురంగుల గడులు:
పొద్దున తొమ్మిదికి కోట,
పదకొండున్నరకు చర్చి,
పన్నెండుంబావుకు వంతెన,
వంతెన మీద ఇరవై నిమిషాలు, ఫోటోలతో కలిపి.
"స్ప్రింగు బాగ ఎక్కువ చుట్టినవు బిడ్డా,
తెగుతది" అని
ఎర్ర పెన్నుతో వెనక పేజీలో ఆయనే రాశాడు:
మొదటి రోజు, గడియారం ముందర.
రెండో రోజు, గడియారం ముందర. వానొస్తే గొడుగుతో.
మూడో రోజు, మీ పెద్దమ్మ చెప్పినట్టు.
నాలుగోది విమానానికే సరి.

ముప్పై ఏళ్ళలో నాకొక రోజంతా ఇచ్చిందెవరు?
దాన్ని ఏం చేసుకోవాలో తెలియక
మూడు రాత్రులు నిద్ర పట్టలేదు.
చివరికి పాల లెక్కల కాగితం మీద రాసుకున్నాను,
ఉజ్వలకు చూపించకుండా:
నది ఒడ్డున కూర్చోవడం.
ఎవరికీ టీ పెట్టకపోవడం.
కాళ్ళు నొప్పి పుడితే, పుట్టిందని పైకి చెప్పడం.

నారాయణగూడలో నేపాలీవాళ్ళ దగ్గర
బేరమాడి రెండు స్వెట్టర్లు కొన్నాం.
పల్లీల పొడి, చింతపండు గుజ్జు
ఎన్ని గ్రాములు తీసుకుపోనిస్తారో
ఇప్పటికీ తేలలేదు.

ఈలోగా వంటింట్లో ఒక గడియారం ఎక్కువైంది.
ఎవరో ఇచ్చి, మళ్ళీ రాని హెచ్ఎంటీ.
మూడున్నర గంటలు వెనక్కి తిప్పి
పోపుల డబ్బా పక్కన తగిలించాడు.
నేను పప్పు తాలింపు వేసేవేళకు
అక్కడింకా తెల్లవారదు.
గిన్నెలు చప్పుడు కాకుండా దించుతున్నాను
ఎవరి నిద్రయినా చెడుతుందేమోనని.

వీసా కాగితాలిచ్చే చోట ఏసీ చలికి
స్వెట్టరు అక్కడే మొదటిసారి వేసుకున్నాను.
బ్యాంకు లెక్కను రెండుసార్లు తిరగేసి
ఆ అమ్మాయి అడిగింది:
"మీరు తిరిగొస్తారనడానికి ఏదైనా రుజువుందా?"
సొంతిల్లు లేదు. పొలం లేదు.
ఈయన సంచిలోంచి రసీదు పుస్తకం తీసి
బల్ల మీద పరిచాడు.
నలభై ఒక్క గడియారాలు.
బర్కత్‌పుర నరహరి గారిది, పట్టీ తెగింది.
శాలిబండ ఖుద్దూస్ భాయ్ గోడ గడియారం, లోలకం లేదు.
నల్లకుంట పద్మావతి టీచరమ్మది,
ఆగిన చోటే ఉండాలె, నడిపించొద్దు, తుడిస్తే చాలు.
"ఇంతమంది టైము నా దగ్గరున్నది.
రాకుంటే ఎట్లమ్మా?"

ఆ అమ్మాయి నవ్విందో లేదో నేను చూడలేదు.
ఆమె తల వెనక గోడ గడియారం
ఏడు నిమిషాలు వెనకుంది.
ఆయన దాన్నే చూస్తున్నాడు.
కుర్చీ ఎక్కుతాడేమోనని
మోకాలు గట్టిగా పట్టుకుని కూర్చున్నాను.